పాప ఎంగిలి నైవేద్యం పెట్టిందని తిట్టాను, ఇప్పుడు ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మేం చెన్నై మైలాపూర్‌లో ఉంటాం. మొన్న మా ఆరేళ్ల పాప సగం కొరికిన బిస్కెట్టు తెచ్చి "చాలా బాగుంది, తిను స్వామీ" అంటూ దేవుడి పటం ముందు పెట్టింది. ఎంగిలి పెడతావా అని గట్టిగా అరిచేశాను. అప్పట్నుంచి దీపం పెట్టేటప్పుడు ఎంత పిలిచినా చేతులు వెనక్కి కట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి చూస్తోంది, లోపలికి రాదు.

ఇక్కడి కపాలీశ్వరుడి గుడిలో పంగుని అనే తమిళ నెలలో జరిగే ఉత్సవంలో 63 మంది నాయనార్లను, అంటే శివభక్తులను, ఊరేగిస్తారు కదా, వాళ్లలో మన కాళహస్తి కన్నప్ప కూడా ఉన్నాడు. రుచి చూసి మరీ మాంసం పెట్టాడు, నోటితో నీళ్లు తెచ్చి అభిషేకం చేశాడు, శివుడు కాదనలేదు. ఆ కథ పాపకి చెప్పింది నేనే! శుభ్రం నేర్పాలి, నిజమే, కానీ దేవుడి దగ్గర ఆ చనువు పోకుండా ఎలా నేర్పాలి? సారీ చెప్పినా పలకలేదు. మీ ఇంట్లో ఇలా జరిగితే పిల్లలతో ఏం మాట్లాడారో దయచేసి చెప్పండి.