కాలనీ లైబ్రరీకి రిటైరైన తహసీల్దార్ పేరు పెట్టొచ్చా?

మల్కాజిగిరి_వాసి:
మా లేఅవుట్‌లో ప్రజావసరాలకు వదిలిన జాగాలో ప్రభుత్వ లైబ్రరీ కడుతున్నారు. స్లాబ్ పడిందో లేదో పేరు గొడవ మొదలైంది. చాలా ఏళ్ల కింద ఆ జాగా చుట్టూ ఒకాయన రాత్రికి రాత్రి ప్రహరీ లేపితే, ఎన్ని ఫోన్లు వచ్చినా వినకుండా దగ్గరుండి కూలగొట్టించిన తహసీల్దార్ ఒకరున్నారు, రిటైరై ఇక్కడికి దగ్గర్లోనే ఉంటున్నారు. ఆయన పేరు పెడదామని అసోసియేషన్‌లో సగం మంది. మిగతా సగం లోకల్ లీడర్ వాళ్ల నాన్న పేరంటున్నారు, ఆ పెద్దాయనకూ మా కాలనీకీ సంబంధం ఏంటో ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు. బతికున్న అధికారి పేరు పెట్టొచ్చా? అసలు ఎవరు ఓకే చేయాలి?

పాత_సెక్షన్_ఆఫీసర్:
పేరు పెట్టేది అసోసియేషన్ కాదు బాబూ. మీరు తీర్మానం చేసి వినతిపత్రం ఇస్తారు, భవనం ఏ శాఖదో ఫైలు ఆ శాఖలో కదలాలి, చివరికి ఆర్డర్ రావాలి. భవనమైతే ఆర్డర్‌తో సరిపోతుంది. యూనివర్సిటీ లాంటిదైతే పేరు చట్టంలోనే ఉంటుంది కాబట్టి అసెంబ్లీ దాకా పోవాలి, ఇక్కడి తెలుగు యూనివర్సిటీకి పొట్టి శ్రీరాములు పేరు తీసి సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టడానికి బిల్లు తేవాల్సి వచ్చింది అందుకే.

బతికున్నవాళ్ల పేరంటే మాత్రం నేను ఒప్పుకోను. సర్వీసులో ఉన్నవాళ్లకైతే సన్మానాలకే కట్టడి ఉంటుంది, కేంద్ర ఉద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో 14వ రూల్ చూడండి, తన గౌరవార్థం పెట్టిన సభకు పోవాలన్నా ముందు అనుమతి కావాలి. రిటైరైనాయనకు ఆ అడ్డు లేదనుకోండి. కానీ రేపు ఏ పాత ఫైలో తిరగబడి కేసు పడితే ఆ బోర్డు పీకాల్సింది మీరే. మీ సార్ అలాంటివారని అనట్లేదు, చూసినవి చూశాను కాబట్టి చెప్తున్నా.

నారాయణగూడ_రవి:
సార్, బతికున్నవాళ్లు వద్దంటే సరే. కానీ ఈ సిటీలో అధికారుల పేర్లే ఎక్కడోగానీ కనపడవు, నా బాధ అది. ముఖ్యమంత్రుల వరస చూడండి, బూర్గుల భవన్, మర్రి చెన్నారెడ్డి సంస్థ, కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు, జలగం వెంగళరావు పార్కు. పార్కుకూ ముఖ్యమంత్రికీ లంకె ఏంటని ఎవరూ అడగరు.

లంకె కుదిరినది ఒకటి చెప్తా. హిమాయత్‌సాగర్ దగ్గరున్న పోలీస్ అకాడమీకి రాజా బహదూర్ వెంకటరామారెడ్డి పేరుంది. ఆయన మంత్రి కాదు, ఎమ్మెల్యే కాదు, నిజాం కాలపు కొత్వాల్, 1920 నుంచి 1934 దాకా సిటీ పోలీసు వ్యవహారమంతా ఆయన చేతిలోనే ఉండింది. పోలీసులు ట్రైనింగ్ అయ్యే చోటికి పోలీసు అధికారి పేరు, ఇంక ఎవరికీ వివరించే పని లేదు. అలాగే మాసబ్‌ట్యాంక్‌లో సంక్షేమ శాఖల ఆఫీసులకు దామోదరం సంజీవయ్య పేరు కూడా సరైందే, దేశంలో మొదటి దళిత ముఖ్యమంత్రి కదా. కానీ అదే సాంఘిక సంక్షేమ శాఖకు కార్యదర్శిగా చేసి, వెట్టిచాకిరీ పోగొట్టడానికి అంత కష్టపడిన ఎస్.ఆర్. శంకరన్ గారి పేరు ఇక్కడ ఎంతమంది నోట వింటున్నాం? ఆయన పోయింది 2010లో, మరీ పాత మాట కూడా కాదు.

ట్యాంక్‌బండ్_బాతాఖానీ:
రవి అన్నా, శంకరన్ గారు పద్మభూషణ్ ఇస్తామంటేనే వద్దన్న మనిషి, బిల్డింగ్ మీద పేరంటే ఊరుకునేవారా :) అయినా ఎంత పెద్ద పేరు పెట్టినా మనవాళ్లు పొడి అక్షరాలు చేసి వదుల్తారు. బీఆర్‌కే భవన్‌లో 2019 నుంచి 2023 దాకా సచివాలయమే నడిచింది, టీవీల్లో రోజూ ఆ పేరే, అది హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారి పేరని ఎంతమందికి తెలుసు? కేబీఆర్ పార్కులో పొద్దున్నే వాకింగ్ చేసేవాళ్లను అడిగి చూడండి, నవ్వొస్తుంది. నన్నడిగితే లైబ్రరీకి కాలనీ పేరే పెట్టి, లోపల గోడ మీద ఆ జాగా ఎట్లా దక్కిందో, ఏ తహసీల్దార్ ఏం చేశారో నాలుగు లైన్లు రాయించండి. చదువుకోడానికి వచ్చేవాళ్లు అదీ చదువుతారు. ఇంతకీ మీ సార్‌ను అడిగారా?

మల్కాజిగిరి_వాసి:
ఇంకా అడగలేదు, ఆదివారం కలుస్తాం. గోడ మీద రాయించే ఐడియా బాగుంది, మీటింగ్‌లో పెడతా. కానీ ఇక్కడ టెన్షన్ ఏంటంటే లీడర్ మనుషులు వాళ్ల నాన్నగారి ఫొటోతో బోర్డు చేయించేశారంట, ప్రారంభోత్సవం రోజు బిగిస్తారని అంటున్నారు.

పాత_సెక్షన్_ఆఫీసర్:
ఆర్డర్ లేకుండా బిగించిన బోర్డుకు విలువ లేదు, శాఖ జిల్లా ఆఫీసుకు ఇప్పుడే రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ఇంకో ముఖ్యమైన సంగతి, ఆ జాగాను మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రిజిస్టర్ చేశారా? ఒకసారి కబ్జా ప్రయత్నం జరిగింది అంటున్నారు కాబట్టి అడుగుతున్నా.

మల్కాజిగిరి_వాసి:
చేశారనే విన్నాం సార్. జిరాక్స్ ఒకటి పాత సెక్రటరీ గారింట్లో ఉండాలి.

పాత_సెక్షన్_ఆఫీసర్:
జిరాక్స్ పనికిరాదు. దాని మీదున్న డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం రాసుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అప్లై చేయండి. పేరు సంగతి ఆ తర్వాత.