వేర్వేరు స్క్రీన్ల మీద డెస్క్‌టాప్ టెస్టులు నడిపేదెట్లా?

అందరికీ నమస్కారం. కడపలో బండల ఫ్యాక్టరీలకు విండోస్ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసిస్తుంటాం. టెస్టులు పైథాన్‌లో ఉన్నాయి, బటన్ బొమ్మను స్క్రీన్ మీద వెతికి క్లిక్ చేస్తాయి.

ఆఫీసులో 1920×1080 మానిటర్, స్కేలింగ్ (అక్షరాలు, బటన్లు ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే విండోస్ సెట్టింగ్) 100 శాతం. అన్నీ పాస్. ఫ్యాక్టరీల్లో ఎక్కువగా పాత 1366×768 ల్యాప్‌టాప్‌లే, కొన్నిచోట్ల స్కేలింగ్ 125 కూడా. అప్పుడు బటన్ సైజు మారి టెస్టు దాన్ని గుర్తుపట్టదు. అసలు సమస్య వేరే ఉంది. ‘మొత్తం చదరపు అడుగులు’ అన్న లేబుల్ ‘మొత్తం చదర’ దగ్గరే తెగిపోతుంది, సేవ్ బటన్ టాస్క్‌బార్ వెనక్కి పోతుంది. గుమాస్తా ఆ లేబుల్ చూసే బిల్లు వేస్తాడు, అందుకే నాకు ఇంత టెన్షన్.

బొమ్మలు వదిలేసి పైవిన్ఆటో (pywinauto) అనే పైథాన్ లైబ్రరీతో కంట్రోల్ (బటన్, బాక్సు లాంటివి) పేరును బట్టి క్లిక్ చేయించడం మొదలుపెట్టాం. క్లిక్ సరిగ్గానే పడుతోంది. కానీ అక్షరాలు తెగాయో లేదో అది చెప్పదు కదా. దీన్ని ఆటోమేటిక్‌గా పట్టుకునే దారి ఉందా? ఒక్కో స్కేలింగ్‌కు ఒక్కో వర్చువల్ మెషీన్ (కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే మరో కంప్యూటర్) పెట్టుకోవడమే మేలా, లేక స్క్రిప్టుతోనే మార్చవచ్చా? టెస్టు మెషీన్‌ను దూరం నుంచి చూసే రిమోట్ డెస్క్‌టాప్ విండో మినిమైజ్ చేస్తే టెస్టులు ఆగిపోతున్నాయి, రాత్రిపూట మీరెలా నడుపుతున్నారు? పెద్ద బడ్జెట్ లేదు, ఉచిత టూల్స్ అయితే మరీ మంచిది. చేసి చూసినవాళ్లు దయచేసి చెప్పండి.