రష్యన్‌లో బల్ల మగ, పుస్తకం ఆడ: లింగం ఎట్ల పట్టుకోవాల?

ప్రశ్న (అనంతపురం)
అన్నా, మెడిసిన్‌కు రష్యా పోవాలని భాష మొదలుపెట్టినా. ప్రాణం లేనివన్నీ మనకు 'అది' కదా అని అన్నిటికీ 'అనో' (రష్యన్‌లో నపుంసకానికి 'అది') రాస్తే సగానికి సగం తప్పులొచ్చినాయి. ద్యేన్ (పగలు), నోచ్ (రాత్రి) రెండూ హల్లుతోనే ఆగుతాయి, మరి ఒకటి పుంలింగం, ఇంకోటి స్త్రీలింగం ఎట్లయింది?

జవాబు (కర్నూలు)
మన తెలుగు అర్థం చూసి లింగం చెప్తుంది. రష్యన్‌లో వస్తువుల పేర్లకు మాట చివరే లెక్క. హల్లు గానీ 'య్' గానీ ఉంటే పుంలింగం: స్తోల్ (బల్ల), ముజేయ్ (మ్యూజియం). అ, య ఉంటే స్త్రీలింగం: క్నీగ (పుస్తకం). ఒ, యె ఉంటే నపుంసకం: అక్నో (కిటికీ), మోర్యె (సముద్రం). పుస్తకం యాడుందని అడిగితే 'వోత్ అనా' అంటారు, అంటే 'ఇదిగో ఆమె'. రెండు అనే అంకె కూడా మారుతుంది: ద్వా స్తలా, ద్వే క్నీగి.

చెవిని నమ్మొద్దు, స్పెల్లింగ్ చూడు. ఊనిక లేని, అంటే నొక్కి పలకని 'ఒ'ను 'అ' లాగా పలుకుతారు. నూనె 'మాస్ల' అని వినబడుతుంది, రాతలో చివర 'ఒ', కాబట్టి నపుంసకం. మన శెనక్కాయ అరాఖిస్, పుంలింగం. దాని నూనె మాత్రం 'అరాఖిసవయె మాస్ల', విశేషణం నూనె వెంట పోతుంది.

జవాబు (కడప)
ఉర్దూ వచ్చినవాళ్లు ఇంకో జాగ్రత్త తీసుకోవాల. లడ్‌కా, కమ్‌రా అలవాటుతో 'ఆ' చివరుంటే పుంలింగం అనుకుంటారు. రష్యన్‌లో అది తిరగబడుతుంది: గదిని కోమ్నత అంటారు, స్త్రీలింగం.

ప్రశ్న అడిగినవారు
ద్యేన్, నోచ్ సంగతి?

జవాబు (కర్నూలు)
రెండిటి చివరా మెత్త గుర్తు ఉంటుంది, అంటే సొంత శబ్దం లేని అక్షరం, చూడ్డానికి ఇంగ్లీషు చిన్న బీ లాగుంటుంది. కష్టమంతా ఈడనే. చ్, ష్ లాంటి బుసకొట్టే హల్లుల తర్వాత అది వస్తే నామవాచకం స్త్రీలింగమే: నోచ్, మిష్ (ఎలుక). అదే చ్ తర్వాత గుర్తు లేకుంటే పుంలింగం: వ్రాచ్ (డాక్టరు). చివర మెత్త గుర్తు ఉన్న నెలల పేర్లు, అది లేని నెలల పేర్లు, 12కి 12 పుంలింగమే. మిగతావి డిక్షనరీ చూసి విశేషణంతో కలిపి నేర్చుకో. పలకరింపుల్లోనే దొరుకుతాయి: దోబ్రియ్ ద్యేన్ పుంలింగం, దోబ్రయె ఊత్ర (శుభోదయం) నపుంసకం. షష్ఠీ రూపం కూడా సాయం చేస్తుంది: ద్న్యా అయితే పుంలింగం, నోచి అయితే స్త్రీలింగం. దారి అనే 'పూత్య్' ఒక్కటి మోసం చేస్తుంది. షష్ఠిలో 'పుతీ' అవుతుంది, అయినా పుంలింగమే.

జవాబు (కడప)
'మ్య'తో ముగిసేవి పదే, అన్నీ నపుంసకం: ఈమ్య (పేరు), వ్రేమ్య (కాలం). మనుషుల దగ్గర మాత్రం అర్థమే గెలుస్తుంది. పాప అంటే వాళ్లకు నాన్న, అందుకే చివర 'అ' ఉన్నా 'మోయ్ పాప'. డాక్టరమ్మ వచ్చిందంటే 'వ్రాచ్ ప్రిష్లా', క్రియ స్త్రీలింగంలోకి పోతుంది. మంచి డాక్టరమ్మ అన్నప్పుడు విశేషణం 'ఖరోషియ్' పుంలింగంలోనే ఉండాల.