షార్ట్‌కట్‌ని ‘దారి’ అనాలా, ‘మీట’ అనాలా?

మిత్రులకు నమస్కారం. డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల కోసం నాలుగు పేజీల తెలుగు నోట్సు రాస్తున్నాను. విమ్, ఈమ్యాక్స్ లాంటి టెక్స్ట్ ఎడిటర్లలో మౌసు ముట్టుకోకుండా, ఎడిటర్‌లోంచి బయటికి రాకుండా ఫైళ్ళు ఎలా తిరగేయాలన్నది విషయం. మొదటి పేజీలోనే ఆగిపోయాను, ‘కీబోర్డ్ షార్ట్‌కట్’ అన్న మాట దగ్గర.

షార్ట్‌కట్ అనే రాసేస్తే ఎవరికీ ఇబ్బంది లేదు, నిజమే. అయినా తెలుగు మాట పెట్టి చూద్దామని మొదట ‘అడ్డదారి’ రాశాను. నాకే నచ్చలేదు. పొలాలకు అడ్డంపడి పోయే దారిని మా ఊళ్ళో అడ్డదారి అనే అంటారు, అందులో తప్పేమీ ధ్వనించదు. కానీ ‘అడ్డదారులు తొక్కాడు’ అన్న వాడుక బాగా పాతుకుపోయింది. ‘ఈ అడ్డదారులు నేర్చుకోండి’ అని పిల్లలకు ఎలా రాస్తాం? ‘దగ్గరిదారి’కి ఆ మచ్చ లేదు. కొన్ని సాఫ్ట్‌వేర్ల తెలుగు తెరల మీద ‘సత్వరమార్గం’ కనిపిస్తుంది. అర్థం సరిపోతుంది గానీ, ‘దానికి సత్వరమార్గం ఏంటి?’ అని పక్కవాణ్ణి అడిగినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు.

నా అసలు అభ్యంతరం వేరే ఉంది. మనం మాట్లాడుతున్నది ఫైళ్ళ గురించి. ఫైలుకు ముందే ఒక దారి ఉంది. పాత్ అంటామే, ఏ ఫోల్డరు, దాని లోపల ఏ ఫోల్డరు అని ఏటవాలు గీతలు పెట్టి వరసగా రాసేది, అదే. దాన్ని దారి అనక ఇంకేమంటాం? డెస్క్‌టాప్ మీద చిన్న బాణం గుర్తుతో ఉండే బొమ్మనూ షార్ట్‌కట్ అంటారు. అదీ దారే, ఎక్కడో ఉన్న ఫైలు దగ్గరికి తీసుకెళుతుంది. ఇక వేళ్ళతో నొక్కేదాన్ని కూడా దారి అంటే ఒకే పేజీలో మూడు దారులు తయారవుతాయి. ‘ఫైలు దారి తెలియకపోతే ఈ దగ్గరిదారి వాడండి’ అని ఒక వాక్యం రాసి, రెండుసార్లు చదువుకుని కొట్టేశాను.

ల్యాబులో పిల్లలు ఏమంటున్నారో గమనించాను. ‘ఫైల్ ఓపెన్ చెయ్యడానికి కీ ఏంట్రా?’ అంటున్నారు. దారి ఊసే లేదు. కాబట్టి ‘మీట’ చాలని నా అభిప్రాయం. వీణ తీగను మీటుతాం. వేలికొసతో, తేలిగ్గా, సరైన చోట తాకే పని అది. కీబోర్డు మీద చేసేదీ అదే. కీ అనే ఉంచుకుందామంటే బహువచనం దగ్గర చిక్కు: ‘ఈ కీలు నొక్కండి’ అంటే కీబోర్డు మీదా, మోచేతి దగ్గరా? మీటకు ఆ గొడవ లేదు. రెండు కలిపి నొక్కేదాన్ని జంటమీట అనొచ్చు. వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కంట్రోల్, పి కలిపి నొక్కి ఫైలు పేరులో నాలుగక్షరాలు కొడితే ఆ ఫైలు ముందుకొస్తుంది. అది జంటమీట.

పైన కీలు అన్నాను కదా, ‘కీలెరిగి వాత పెట్టాలి’ అన్న సామెత గుర్తొచ్చింది. చోటు తెలిసినవాడికి ఒక్క తాకు చాలు. నోట్సు మొదటి పుట మీద ఈ సామెతే పెడుతున్నాను.

ఇంతకన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టిన మాట ‘పైకి’. విమ్‌లో కోలన్ కొట్టి ఎక్స్‌ప్లోర్ అని రాస్తే ఆ ఫోల్డరులోని ఫైళ్ళన్నీ వరసగా కనిపిస్తాయి. అక్కడ ‘కె’ నొక్కితే పై వరుసకు వెళతాం. అడ్డగీత (-) మీట నొక్కితే ఈ ఫోల్డరును లోపల పెట్టుకున్న ఫోల్డరుకు వెళతాం. ఇంగ్లీషులో రెండూ ‘అప్’. నేనూ రెంటికీ ‘పైకి’ అని రాసి ఒక అమ్మాయికి చదవమని ఇచ్చాను. అడ్డగీత నొక్కమన్న చోటల్లా ఆమె ‘కె’ నొక్కుతూ కూర్చుంది. తప్పు ఆమెది కాదు, నా వాక్యానిది.

తెలుగులో మనం ఫోల్డరు ‘లోకి’ వెళతాం. లోపలికి వెళ్ళినవాళ్ళు రావలసింది బయటికి కదా! అందుకని ‘కె: పై వరుస. అడ్డగీత: ఫోల్డరు బయటికి’ అని మార్చాను. ఈసారి ఎవరూ తడబడలేదు. ఈమ్యాక్స్‌లో బయటికి రావడానికి షిఫ్ట్‌తో 6 అంకె మీట నొక్కాలి. దాని మీదుండే గుర్తు పైకి చూసే బాణం మొనలా ఉంటుంది. అయినా నేను బయటికి అనే రాశాను.

వ్యాఖ్యలో ఒకరు అడిగారు, పైకీ కిందికీ కె, జె ఎందుకు, ఏ మాటకు పొడి అక్షరాలు అని. అవి మాటల్లోంచి వచ్చినవి కావండి. 1976లో బిల్ జాయ్ అనే ప్రోగ్రామరు, విమ్‌కు మాతృక అయిన వీఐ ఎడిటర్‌ను రాస్తున్నప్పుడు వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో (తెర, కీబోర్డు కలిసిన పాతకాలపు యంత్రం) హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణం గుర్తులు అచ్చువేసి ఉండేవి. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన విమ్‌కూ ఆ అలవాటే వచ్చింది. వేరే బాణం మీటలున్నా వేళ్ళు అక్కడే ఉండిపోయాయి.

ఇంకొకరు తెలుగు లేఅవుట్ మీద ఉన్నప్పుడు ఇవేవీ పనిచేయవన్నారు. అవును, ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు లేఅవుట్‌లో జె నొక్కితే ‘ర’ పడుతుంది, కె నొక్కితే ‘క’. డి నొక్కితే ఏకంగా పొల్లు పడుతుంది. అలా పడిన అక్షరాన్ని ఇంగ్లీషు మీటగానే తీసుకోమని విమ్‌కు చెప్పే అమరిక ఒకటుంది, దాని పేరు ల్యాంగ్‌మ్యాప్. కొత్తవాళ్ళకు మాత్రం ముందు ఇంగ్లీషులోకి మారి తర్వాత మీట నొక్కమనే చెబుతున్నాను.

ఆ ‘డి’ గురించి ఒక హెచ్చరిక. విమ్ ఫైళ్ళ వరుసలో చిన్న డి నొక్కితే కొత్త ఫోల్డరు తయారవుతుంది, పెద్ద డి అయితే ఫైలు తీసేస్తుంది, ముందు ఒకసారి అడిగి. ఈమ్యాక్స్ ఫైళ్ళ జాబితాలో, అంటే డైర్‌ఎడ్‌లో, చిన్న డి నొక్కితే ఫైలు పేరు పక్కన గుర్తు మాత్రం పడుతుంది. ఫైలు అక్కడే ఉంటుంది. మనసు మారితే యు నొక్కి గుర్తు చెరుపుకోవచ్చు. చివర్లో ఎక్స్ నొక్కి, సరే అంటేనే పోతుంది. ఈ రెండు దశలకూ ‘డిలీట్’ అన్న ఒక్క మాట చాలదు. గుర్తు పెట్టడాన్ని ‘కొట్టివేత గుర్తు’ అని, నిజంగా పోవడాన్ని ‘తీసేయడం’ అని రాశాను. కాగితం మీద పేరు కొట్టేసినంత మాత్రాన మనిషి ఊరు వదిలిపోడు కదా, అలాగన్నమాట.

తేలనిది ఒకటుంది. పేరు ముందు చుక్క ఉన్న ఫైలు చాలా చోట్ల మామూలుగా కనిపించదు. విమ్‌ ఫైళ్ళ వరుసలో జి, హెచ్ వరసగా నొక్కి దాన్ని మరుగుపరచొచ్చు, మళ్ళీ నొక్కి చూపించొచ్చు. ‘దాచిన ఫైళ్ళు’ అని రాస్తే ఎవరో కావాలని దాచినట్టుంది. ‘మరుగు ఫైళ్ళు’ అంటే పిల్లలకు అర్థమవుతుందా? ‘చుక్క ఫైళ్ళు’ నయమా? మీ ఊళ్ళో, మీ ఆఫీసులో ఏమంటున్నారో చెప్పండి. శనివారం ప్రింటుకు ఇవ్వాలి.