అప్‌డేట్: కట్టెల పొయ్యి పొగకు కారణం దొరికింది

కొత్తగా బిగించిన ఇనుప కట్టెల పొయ్యి వెలిగించగానే గదిలోకి పొగ చిమ్ముతోందనీ, గొట్టం అతుకుల వద్ద నల్లని జిగురు కారుతోందనీ ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

జిగురు విషయంలో తప్పు నాదే. పైనున్న గొట్టపు ముక్క సన్నని అంచు కింది ముక్క లోపలికి దిగాలి. అప్పుడే పొగలోని ఆవిరి చల్లబడి తారుగా మారినా, బయటికి కారకుండా లోపలి గోడ వెంట పొయ్యిలోకే జారుతుంది. పొగ పైకి పోతుంది కనుక అతుకూ పైకే చూడాలనుకొని నేను అన్నింటినీ తలకిందులుగా బిగించాను. వాటిని విప్పి, సరిచేసి, అతుకులను వేడిని తట్టుకునే ఫైర్ సిమెంటుతో మూశాను.

పొగకు కారణం వేరు. చిమ్నీ శుభ్రం చేయడానికి వచ్చినాయన పై మలుపులోంచి ఎండిన పక్షిగూడు ఒకటి లాగారు, అదీ బకెట్ నిండా! పొయ్యి తలుపు అంచున కాగితపు ముక్క పెట్టి మూస్తే కింది మూలలో అది సులువుగా ఊడివచ్చింది, అంటే అక్కడ తలుపు బిగుతుగా మూసుకోవడం లేదు. అందుకని తలుపు అంచున సందు మూసే సీలు తాడునూ మార్చాను.

మంటలోంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు కాబట్టి, దాన్ని పసిగట్టే అలారం బిగించి, మీట నొక్కి మోగుతోందని చూసుకున్నాకే మళ్లీ చిన్న మంటతో వెలిగించాను. కొత్త పెయింటు వాసన తప్ప పొగ లేదు.