గమకాల కోసం గిటార్ ఫ్రెట్‌బోర్డ్ స్కాలప్ చేయించాలా? ఆకురాయి దగ్గర పెట్టుకుని కూర్చున్నా, ఎవరైనా చెప్పండి

భీమవరం_బెండ్:

అందరికీ నమస్తే. సూటిగా విషయానికొచ్చేస్తా. చిన్నప్పుడు ఆరేళ్ళు గాత్రం నేర్చుకున్నా, వర్ణాల దాకా వచ్చాక ఇంటర్ పుణ్యమా అని ఆగిపోయింది. ఇప్పుడు ఉద్యోగం వచ్చాక సెకండ్ హ్యాండ్ లో ఒక స్ట్రాట్ కాపీ (స్ట్రాటోకాస్టర్ తరహా ఎలక్ట్రిక్ గిటార్) కొన్నా, రోజ్‌వుడ్ బోర్డు, 22 ఫ్రెట్లు (బోర్డు మీద అడ్డంగా ఉండే లోహపు మెట్లు), 10-46 తీగలు (సన్న తీగ నుంచి లావు తీగ దాకా మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), చిన్న ప్రాక్టీస్ ఆంప్. రాక్ అదీ పెద్దగా రాదు, నాకు కావాల్సింది కర్ణాటక సంగీతమే, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే గమకాలు రావాలి.

శంకరాభరణం, మోహన లాంటి రాగాలు ఏదోలా లాగించేస్తున్నా. తోడి దగ్గర బోల్తా పడ్డా. ఆ గాంధారం రావట్లేదండి బాబూ. సా ఒకటి శ్రుతిలో పెట్టుకున్నా, అంటే మొదటి తీగ మీద 8వ ఫ్రెట్ స, 9 రి, 11 గ, 13 మ. 11 పట్టుకుని మ దాకా సాగదీయాలి కదా, సగం దూరం వెళ్ళేసరికి వేలి చర్మం చెక్కకి రాసుకుని ఆగిపోతోంది, ఇంకా బలం పెడితే తీగ వేలి కింద నుంచి జారిపోయి పక్క తీగ గయ్యిమంటోంది. రికార్డ్ చేసి మా పాత మాస్టారికి వాట్సాప్ లో పంపిస్తే "ఒరేయ్, ఇది తోడి గాంధారం కాదు, పంటి నొప్పి గాంధారం" అని వాయిస్ మెసేజ్ పెట్టారు.

వీడియోలు చూస్తే మెక్‌లాఫ్లిన్, మామ్‌స్టీన్ లాంటి గిటారిస్టులందరూ ఫ్రెట్ల మధ్య చెక్క గుంటలుగా గీకించుకున్నవే (స్కాలప్ అంటే అదే) వాయిస్తున్నారు. మా వీధి చివర కార్పెంటర్ గారిని అడిగితే "దానిదేముంది బాబూ గంటలో గీకి ఇచ్చేస్తా" అంటున్నారు. ఇచ్చేయమంటారా?

ఇంకో వింత కూడా ఉంది. గమకం లాగినప్పుడు ఆధారంగా మోగుతున్న సా తీగ కాస్త దిగిపోతోంది, వదిలేస్తే మళ్ళీ సరిపోతోంది. చెవి భ్రమా లేక గిటార్ రోగమా?

గీకి_బాధపడినోడు:

తమ్ముడూ ఆగు. ముందు ఆ కార్పెంటర్ గారికి టీ ఇప్పించి పంపించేయ్.

నేను ఐదేళ్ళ క్రితం ఇదే పని చేశా, సొంతంగా. ఫ్రెట్లకి మాస్కింగ్ టేప్ వేశా, గుండ్రటి ఆకురాయి, ఎమిరీ పేపర్, అన్నీ పద్ధతిగానే మొదలెట్టా. 12వ ఫ్రెట్ నుంచి పైకి బాగానే వచ్చింది. కిందికి వచ్చేసరికి రాత్రి పదకొండయింది, ఓపిక అయిపోయింది, ఆకురాయి జారి 7వ ఫ్రెట్ అంచు మీద నొక్కు పడింది. ఆ నొక్కు ఎంతుంటుంది, గోరు పెడితే తగులుద్ది అంతే, కానీ తీగ సాగదీసిన ప్రతిసారీ అక్కడ కిర్రుమంటది. దానికి తోడు 5వ ఫ్రెట్ దగ్గర చుక్క ఉంటుంది చూడు, తెల్లది, అది చాలా పల్చగా ఉంటుందని నాకు తెలీదు, గీకుతుంటే చుక్క కాస్తా పోయి కింద గుంట మిగిలింది. కొత్త ఫ్రెట్ వేయించడానికి హైదరాబాద్ తీసుకెళ్తే ఆయన గిటార్ వంక చూశాడు, నా వంక చూశాడు, ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ అనిపించింది.

మరీ చేయాలనిపిస్తే నెక్ (ఫ్రెట్‌బోర్డ్ ఉండే గిటార్ మెడ) నాలుగు స్క్రూలతో ఉంటుంది కదా, చవకలో వేరే నెక్ ఒకటి కొని దాన్ని గీక్కో, పాడైతే పాతది బిగించుకోవచ్చు. మేపుల్ బోర్డు అయితే మాత్రం ఆ ఆలోచనే వద్దు, పైన ఫినిష్ మొత్తం పోతుంది, మళ్ళీ లక్కర్ కొట్టించాలి.

ఓరుగల్లు_ఓవర్‌డ్రైవ్:

అన్నా నీది చెవి భ్రమ కాదు, గిటార్ రోగమే, మందు కూడా ఉన్నది.

నీ బ్రిడ్జ్, అంటే బాడీ మీద తీగలు ఆనే ఇనుప పలక, గాల్లో తేలుతున్నది. తీగను గుంజితే దాని టెన్షన్ పెరుగుతది, ఆ బలానికి బ్రిడ్జ్ ముందటికి లేస్తది, లేస్తే మిగిలిన ఐదు తీగలు లూజ్ అయితయ్. గందుకే నీ సా దిగుతున్నది. ఇంకో సంగతి, నువ్వు గుంజుతున్న తీగ కూడా అంతే లూజ్ అయితది, అంటే నువ్వు మ దాకా పోవాలంటే పోవాల్సిన దానికన్నా ఎక్కువ గుంజుతున్నవ్. సగం కష్టం ఆడనే ఉన్నది.

వెనక ప్లేట్ ఇప్పు. లోపట స్ప్రింగులు మూడే ఉంటయ్, ఐదు పెట్టు. స్ప్రింగులు పట్టుకున్న ఇనుప ముక్కకు రెండు పెద్ద స్క్రూలు ఉంటయ్, బ్రిడ్జ్ పోయి బాడీకి ఆనేదాకా వాటిని బిగియ్. ఇంకా నమ్మకం లేకపోతే బ్రిడ్జ్ కింద లోపటికి దిగి ఉన్న ఇనుప దిమ్మె (బ్లాక్)కు బాడీకి మధ్యల చెక్క ముక్క ఒకటి టైట్‌గ దిగ్గొట్టు. బ్రిడ్జ్‌ను ఊపే బార్ (కడ్డీ) పనిచెయ్యది, నీకు తోడికి బార్ ఎందుకు. అయిపోయినంక తీగల ఎత్తు, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్‌కు శ్రుతి సరిగ్గ పలుకుడు) మళ్ళ చూసుకో, బ్రిడ్జ్ కిందికి దిగింది గాబట్టి మారతయ్.

తీగలు 10 తీసి 9 వెయ్. ఇక్కడ చానా మంది తప్పు చెప్తరు, 9 వేస్తే తక్కువ దూరం గుంజితే సరిపోతదని. దూరం దాదాపు అంతే ఉంటది, బలం తక్కువ పడతది, సుమారు ఐదో వంతు. దూరం కూడా తగ్గాలంటే శ్రుతి దించాలె. మొత్తం గిటార్ ఒక స్వరం దించు, మొదటి తీగ డి అయితది, నీ స 10వ ఫ్రెట్‌కు పోతది, తీగ నడిమికి దగ్గరయితది గాబట్టి ఇంకా మెత్తగ వస్తది. లావు తీగలు మరీ జారిపోతే 9-46 సెట్ దొరుకుతది, కింద లావు పైన సన్నం, అది తీస్కో.

సౌండ్ కోసం అయితే నెక్ పికప్ (మెడ పక్కన తీగల సౌండ్ పట్టేది), టోన్ కొంచెం తగ్గించు, ముందు ఒక కంప్రెసర్ పెడల్. ఒక్క మీటుకు నాలుగు స్వరాలు పలకాలంటే సౌండ్ నిలవాలె కదా. గీకుడు గురించి తర్వాత ఆలోచిద్దువు.

వీణ_వాళ్ళాయన (డాలస్):

మా ఆవిడ వీణ వాయిస్తుంది, బొబ్బిలి వీణ, పనస మొద్దు ఒక్కటే తొలిచి చేసిన ఏకాండి. అందుకే ఈ ప్రశ్న చూసి నవ్వొచ్చింది. మీరు గిటార్ మీద గీకించుకుందామనుకుంటున్న గుంట వీణకి పుట్టుకతోనే ఉందండి. మైనం మీద 24 మెట్లు ఎత్తుగా నిలబెట్టి ఉంటాయి, వేలు చెక్కకి తగిలే ప్రసక్తే లేదు, తీగా మెట్టూ తప్ప. మెక్‌లాఫ్లిన్ కూడా ఊరికే గీకించలేదు, ఆయన 1970ల్లో అమెరికాలో వెస్లియన్ యూనివర్సిటీలో వీణ నేర్చుకున్నాడు, ఆ తర్వాతే తన శక్తి బ్యాండ్ కోసం గిటార్ కంపెనీ గిబ్సన్ వాళ్ళ చేత ఆ స్కాలప్ గిటార్ చేయించుకున్నాడు, తీగల కింద అడ్డంగా ఇంకో ఏడు తీగలు కూడా ఉంటాయి దానికి. అంటే వీణ చెయ్యి ముందు వచ్చింది, గుంటలు తర్వాత వచ్చాయి.

మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించా. రెండు మాటలు చెప్పమంది. ఒకటి, ఒక్క వేలితో లాగుతున్నాడేమో అడగండి అంది. వీణ మీద చూపుడు వేలు, మధ్య వేలు రెండూ కలిపి లాగుతారు. మీరు ఉంగరం వేలితో పట్టుకుని వెనక మిగతా రెండు వేళ్ళూ అదే తీగ మీద ఆనించి, వేళ్ళతో కాకుండా మణికట్టు తిప్పి తొయ్యాలి. పక్క తీగలు వేళ్ళ కిందకి కాదు, వేళ్ళ కొసల ముందుకి వెళ్ళాలి, అప్పుడు గయ్యిమనవు.

రెండోది, తోడి గ అనేది 11వ ఫ్రెట్ మీద కాపురం ఉండదు. రి వైపు నుంచి వచ్చి మ ని తాకి వెనక్కొస్తూ ఊగుతుంది. మీరు గ పట్టుకుని, నిలబడి, తర్వాత లాగుతున్నారు, అందుకే మీ మాస్టారికి పంటి నొప్పి వినిపించింది. 9 నుంచి 11కి జారండి, ఆగకుండా అక్కడి నుంచే లాగండి. ముందు 13 మీటి మ వినండి, తర్వాత 11 నుంచి లాగి అదే మ వచ్చిందా చూసుకోండి. లాగింది తక్కువైతే చెవికి వెంటనే దొరికిపోతుంది.

ఇంకొకటి నా సొంతం: భీమవరంలో కూర్చుని తీగ వాయిద్యం మీద గమకం పలుకుతుందా అని అడుగుతున్నారేంటండీ, పక్కనే పాలకొల్లు పెట్టుకుని. మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టిన ఊరు అది. ఆ బుల్లి వాయిద్యం మీద, గిటార్ కంటే పొట్టి తీగల మీద, ఆయన తోడి వాయించారు. నాలుగు జంట తీగలు తీసేసి ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నారు, కరెంటు మాండలిన్ పట్టుకున్నారు, జంట తీగలుంటే లాగడం కుదరదు కదా మరి. 2014లో 45 ఏళ్ళకే వెళ్ళిపోయారు, నాకు ఇప్పటికీ ఆయన రికార్డింగ్ పెట్టాలంటే కాస్త ధైర్యం కావాలి.

స్కాలప్_సపోర్టర్:

అందరూ కలిసి స్కాలప్ ని విలన్ చేసేశారు, నేను ఒప్పుకోను. నాది ఎనిమిదేళ్ళుగా పూర్తి స్కాలప్, మంచి చేతిపని తెలిసినాయన చేశాడు, ఈ జన్మకి మామూలు బోర్డుకి పోను. తీగ మీద పట్టు ఎంత దొరుకుతుందో వాయిస్తేనే తెలుస్తుంది, గోరు పక్క చర్మం తీగ కిందకి వెళ్ళి కూర్చుంటుంది, జారదు. పైగా పక్కకి లాగకుండా కిందికి నొక్కినా స్వరం కొద్దిగా లేస్తుంది, చిన్న చిన్న అనుస్వరాలకి (అసలు స్వరం పక్కన తాకిపోయే స్వరాలకి) అది వరం.

కానీ అదే శాపం కూడా, నిజం చెప్పాలి. మొదటి రెండు నెలలు నేను వాయించిన ప్రతీదీ శ్రుతి ఎక్కువగానే ఉంది, ఎందుకంటే మామూలు గిటార్ అలవాటుతో గట్టిగా నొక్కేవాడిని. ఇప్పుడే మొదలుపెట్టిన వాళ్ళకి అందుకే చెప్పను. మధ్యే మార్గం కావాలంటే గిటారిస్ట్ స్టీవ్ వాయ్ వాడే జెమ్ మోడల్ గిటార్‌కి చివరి నాలుగు ఫ్రెట్లు, 21 నుంచి 24, మాత్రమే స్కాలప్ ఉంటాయి, అలా పైవి మాత్రమే చేయించుకోవచ్చు. లేదా అసలు గీకకుండా జంబో ఫ్రెట్లు వేయిస్తే ఎత్తు పెరిగి ఇదే సుఖం చాలా వరకు దొరుకుతుంది.

భీమవరం_బెండ్:

అందరికీ దండాలండి. పాలకొల్లు మాట విని సిగ్గేసింది, మా పిన్ని వాళ్ళూరు అదే, నెలకోసారి వెళ్తా, ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. ఓరుగల్లు అన్నా, వెనక ప్లేట్ తీశా, మూడే స్ప్రింగులు, నువ్వు చూసినట్టే చెప్పావు. ఒక్క డౌటు, బ్రిడ్జ్ దిగాక పై ఫ్రెట్లలో లాగుతుంటే స్వరం మధ్యలో ఠప్పున చచ్చిపోతోంది, ఏంటది?

ఓరుగల్లు_ఓవర్‌డ్రైవ్:

బోర్డు గుండ్రంగ ఉంటది కదా అన్నా, తీగను నడిమికి గుంజితే ఆడ ఎత్తు ఎక్కువ ఉండి పై ఫ్రెట్‌కు తగులుకుంటది. మొదటి రెండు తీగల శాడిల్స్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే చిన్న ముక్కలు) కొంచెం లేపు, అలెన్ కీతోని పావు తిప్పు తిప్పి చూసుకుంట పో.

భీమవరం_బెండ్ (మూడు వారాల తర్వాత):

అప్‌డేట్. ఏమీ గీకలేదు. 9-46 వేశా, ఐదు స్ప్రింగులు, చెక్క ముక్క దిగ్గొట్టా (కార్పెంటర్ గారే కోసిచ్చారు, ఆయన కోరిక కూడా తీరింది), ఒక స్వరం దించా. సా ఇప్పుడు కదలట్లేదు. రోజూ పొద్దున్న పావుగంట 10 స, 11 రి, 13 గ, 15 మ, ఇదే పని, జారడం లాగడం, మూడు వేళ్ళతో. ఉంగరం వేలి కొస కాయ కాసింది.

నిన్న మళ్ళీ రికార్డ్ చేసి మాస్టారికి పంపించా. సాయంత్రం దాకా రెండు నీలం టిక్కులు మాత్రమే. రాత్రి మెసేజ్ వచ్చింది: "నొప్పి తగ్గింది. వాపు ఉంది. వచ్చే వారం మళ్ళీ పంపు."

గీకి_బాధపడినోడు:

మాస్టారు వచ్చే వారం మళ్ళీ పంపమన్నారంటే పాసైనట్టే రా. నా గుంటల నెక్ ఇంట్లోనే ఉంది, కావాలంటే ఉత్తినే ఇస్తా.

ఓరుగల్లు_ఓవర్‌డ్రైవ్:

వద్దు. అన్నా, ఐదు స్ప్రింగులు పెట్టినంక ఆపినప్పుడు వెనక నుంచి సన్నగ ఘల్లుమంటే వాటి మధ్యల కొంచెం స్పాంజి ముక్క పెట్టు, పోతది.