ప్రాసెసర్ మార్చాక స్పీడ్ రాకపోతే విండోస్ ఫార్మాట్ చేయాల్సిందేనా?

పెళ్లిరీలు
అందరికీ నమస్తే. మాది విజయవాడ, పెళ్లి వీడియోల ఎడిటింగ్ నా పని. ఏఎండీ రైజెన్ 5 2600 ప్రాసెసర్ తీసేసి అదే బీ450 మదర్‌బోర్డు మీద రైజెన్ 7 5800ఎక్స్ వేయించాను. బోర్డు సపోర్ట్ లిస్టులో ఈ ప్రాసెసర్ ఉంది, ముందు బయాస్ (బోర్డులో ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసే వేశారు. పెట్టెలో కూలర్ రాదు కాబట్టి లిక్విడ్ కూలర్ కూడా కొన్నాను.

సినీబెంచ్ ఆర్23 (ప్రాసెసర్ వేగం కొలిచే సాఫ్ట్‌వేర్) పది నిమిషాల టెస్టులో మల్టీకోర్ స్కోరు 9,400 దగ్గర ఆగుతోంది. అందరికీ 15,000 అటూఇటూ వస్తోంది. మొదట్లో 4.4 గిగాహెర్ట్జ్ చూపిస్తుంది, కాసేపటికి 2.8కి పడుతుంది. షాపతను "పాత విండోస్ మీద కొత్త ప్రాసెసర్ సరిగ్గా నడవదు, ఫార్మాట్ కొట్టాల్సిందే" అంటున్నాడు. ముహూర్తాల సీజన్, డెలివరీ ఇవ్వాల్సిన ప్రాజెక్టులు, ప్లగిన్ల లైసెన్సులు అన్నీ ఇందులోనే ఉన్నాయి. ఫార్మాట్ తప్పదా?

ఫార్మాట్‌వాది
కొట్టెయ్యండి అన్నా. ఏళ్లుగా సర్వీసింగ్‌లో ఉన్నాను, పాత విండోస్‌లో ఏమేం మిగిలి ఉంటాయో ఎవరూ చెప్పలేరు. ఒక మెషీన్‌లో 8 కోర్ల ప్రాసెసర్ వేస్తే 16 థ్రెడ్లు రావాల్సింది, 12 మాత్రమే కనిపించాయి. ఎప్పుడో ఎవరో ఎంఎస్‌కాన్ఫిగ్‌లో బూట్ ఆప్షన్లలోకి వెళ్లి ప్రాసెసర్ల సంఖ్య 12 అని టిక్ పెట్టి వదిలేశారు. ఫార్మాట్ చేయగానే సెట్ అయింది. పాత పవర్ ప్లాన్లు, ఓవర్‌క్లాకింగ్ టూల్స్ దాచుకున్న ప్రొఫైళ్లు, ఇలాంటివి ఒక్కొక్కటే వెతుకుతూ కూర్చుంటే సాయంత్రం అవుతుంది. ఫార్మాట్ గంటన్నర పని.

వాట్‌మీటర్
ఆ మెషీన్‌కి ఒక్క టిక్ తీసేస్తే సరిపోయేది కదండీ. ఫార్మాట్‌తో బాగైంది కాబట్టి జబ్బు విండోస్‌దే అనేస్తున్నారు, నా పేచీ అక్కడే.

2600, 5800ఎక్స్ రెండూ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్లే. బోర్డు మారలేదు, చిప్‌సెట్ మారలేదు. విండోస్ 10 అయినా 11 అయినా బూట్ అయ్యేటప్పుడు కొత్త ప్రాసెసర్‌ని గుర్తుపట్టి కోర్ల లెక్క తనే సరిచేసుకుంటుంది. విండోస్ తప్పు అసలే ఉండదని అనను. 2021 అక్టోబర్‌లో విండోస్ 11 కొత్తగా వచ్చినప్పుడు రైజెన్లలో ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ) నెమ్మదించింది. కొన్ని గేముల్లో 10 నుంచి 15 శాతం దాకా నష్టం ఉంటుందని ఏఎండీనే ఒప్పుకుంది. అదే నెలలో అప్‌డేట్ వచ్చింది, పోయింది. అప్పట్లో ఫార్మాట్ చేసి మళ్లీ అదే విండోస్ 11 వేసుకున్నవాళ్లకి ఒరిగిందేమీ లేదు.

ఇక్కడి విషయానికొస్తే, పాత సెట్టింగే అడ్డమైతే మొదటి సెకను నుంచే అడ్డం పడాలి. మొదట 4.4 వచ్చి తర్వాత పడిందంటే ఏదో వేడెక్కుతోంది. ఫార్మాట్ మాట పక్కన పెట్టి హెచ్‌డబ్ల్యూఇన్ఫో (మెషీన్ లోపలి రీడింగులు చూపించే టూల్) వేయండి. సినీబెంచ్ నడుస్తుండగా మూడు చూడండి: ప్రాసెసర్ టెంపరేచర్, పీపీటీ (సాకెట్‌కి అందే కరెంటు) వాట్లు, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) కింద ప్రోక్‌హాట్ ఎక్స్‌టర్నల్ అనే వరస 'ఎస్' అంటోందా 'నో' అంటోందా.

సింగిల్‌ఛానల్
ర్యామ్ గురించి ఎవరూ అడగట్లేదేంటి? బయాస్ అప్‌డేట్ చేస్తే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దాని పూర్తి స్పీడ్‌లో నడిపే సెట్టింగ్) ఆఫ్ అయిపోతుంది. 3200 కిట్ 2133లో నడుస్తుంటుంది. రైజెన్‌లో ఇన్ఫినిటీ ఫ్యాబ్రిక్ (ప్రాసెసర్ లోపలి భాగాల్ని కలిపే దారి) మెమరీ క్లాక్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి అదీ దిగిపోతుంది. నా ఓటు ర్యామ్‌కే.

వాట్‌మీటర్
ఎక్స్‌ఎంపీ ఆన్ చేయాల్సిందే, అందులో వాదన లేదు. గేముల్లో ఆ తేడా బాగా తెలుస్తుంది. కానీ సినీబెంచ్ ఆర్23 ర్యామ్ స్పీడ్‌ని పెద్దగా పట్టించుకోదు. 15,000ని 9,400 చేసేంత శక్తి ర్యామ్‌కి లేదు. పైగా ర్యామ్ స్లో అయితే క్లాక్ 2.8కి ఎందుకు దిగుతుంది?

పెళ్లిరీలు
చూశాను. మొదట్లో ప్రాసెసర్ 84 డిగ్రీలు, పీపీటీ 140 వాట్ల దగ్గర. క్లాక్ పడ్డాక పీపీటీ 60ల్లోకి వచ్చింది, టెంపరేచర్ కూడా 62కి దిగింది. ప్రోక్‌హాట్ ఎక్స్‌టర్నల్ 'ఎస్' అని ఎర్రగా వచ్చింది. ర్యామ్ నిజంగానే 2133లో ఉంది, ఎక్స్‌ఎంపీ ఆన్ చేశాను. స్కోరులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. గదిలో ఏసీ లేదు, మే నెల, మా ఊరి ఎండలు మీకు చెప్పక్కర్లేదు.

వాట్‌మీటర్
దొరికింది. 'నేను కాలిపోతున్నాను, నువ్వు తగ్గు' అని ప్రాసెసర్‌కి బోర్డు చెబుతోంది. ప్రాసెసర్ హద్దు 90 డిగ్రీలు, అది అక్కడిదాకా వెళ్లనే లేదు. కాలుతున్నది వీఆర్‌ఎం, అంటే ప్రాసెసర్‌కి కరెంటు అందించే భాగం. సాకెట్ పక్కన వరసగా నల్లటి చిన్న చిప్పులు ఉంటాయి చూడండి, అవే. కొన్ని చవక బీ450 బోర్డుల్లో వాటి మీద హీట్‌సింక్ కూడా ఉండదు.

2600కి పీపీటీ హద్దు 88 వాట్లు. 5800ఎక్స్‌కి 142. సపోర్ట్ లిస్టులో పేరుందంటే బూట్ అవుతుందనే అర్థం, పది నిమిషాలు ఆపకుండా 142 వాట్లు ఇస్తానని బోర్డు మాటివ్వలేదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. 2600తో పాటు వచ్చే కూలర్ గాలిని కిందికి ఊదుతుంది, ఆ గాలి వీఆర్‌ఎంకీ తగిలేది. మీరు లిక్విడ్ కూలర్ పెట్టారు. రేడియేటర్ క్యాబినెట్ పైకెక్కింది, సాకెట్ చుట్టూ గాలి ఆడటం ఆగిపోయింది. ఖరీదైన కూలర్ కొని బోర్డుని ఉక్కపోతలో పెట్టినట్టయింది.

బయాస్‌లో ఎకో మోడ్ (తక్కువ కరెంటుతో నడిపే సెట్టింగ్) 65 వాట్లు పెట్టండి. 65 అనేది పేరుకే, పీపీటీ హద్దు 88కి వస్తుంది. వీఆర్‌ఎం మీదికి గాలి తగిలేలా ఒక చిన్న ఫ్యాన్ కట్టండి. బోర్డు మార్చడం ఆ తర్వాత ఆలోచిద్దురు.

ఎన్‌కోడర్
మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మీ అసలు బాధ సినీబెంచ్ స్కోరా, ఎక్స్‌పోర్ట్ టైమా? గ్రాఫిక్స్ కార్డు హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ వాడుతుంటే ఎక్స్‌పోర్ట్‌లో సగం బరువు కార్డే మోస్తుంది. ఒక పాత ప్రాజెక్టు ఎక్స్‌పోర్ట్ పెట్టి ప్రాసెసర్ ఎంత శాతం వాడుతుందో చూడండి. 30, 40 శాతమే వాడుతుంటే 5800ఎక్స్ పెట్టినా, దాని తాత పెట్టినా నిమిషాలు పెద్దగా తగ్గవు.

పెళ్లిరీలు
ఎకో మోడ్ పెట్టాను, పాత క్యాబినెట్ ఫ్యాన్ ఒకటి జిప్ టైలతో వీఆర్‌ఎం వైపు కట్టాను. చూడ్డానికి బాగోలేదు కానీ స్కోరు 13,500 దాటింది. పది నిమిషాలూ క్లాక్ 4 గిగాహెర్ట్జ్ చుట్టూనే ఉంది, ప్రోక్‌హాట్ 'నో'. ఎన్‌కోడర్ గారూ, మీరన్నదీ నిజమే. ఫైనల్ ఎక్స్‌పోర్ట్‌లో ప్రాసెసర్ సగం కూడా వాడట్లేదు. కలర్ ప్లగిన్లు, స్టెబిలైజేషన్ వేసినప్పుడు మాత్రం తేడా బాగా తెలుస్తోంది.

ఫార్మాట్‌వాది
సంతోషం అన్నా. అయినా నా మాట నాదే. ఇంట్లో మీ మెషీన్ ముందు మీరు కూర్చుని గ్రాఫులు చూసుకుంటారు. కౌంటర్ మీద పది మెషీన్లు క్యూలో ఉంటే కస్టమర్ చేత పది నిమిషాల టెస్టులు చేయించలేం.

వాట్‌మీటర్
చేయించాల్సింది కస్టమర్ చేత కాదు, మీరే చేయాలి. టెస్టు పది నిమిషాలు, ఫార్మాట్ గంటన్నర, ఆ లెక్క మీరు చెప్పిందే. ఈ మెషీన్‌ని ఫార్మాట్ చేసి ఇచ్చుంటే ఇంటికెళ్లాక మళ్లీ 9,400 వచ్చేది, మళ్లీ మీ కౌంటర్ దగ్గరికే వచ్చేది.

పెళ్లిరీలు గారూ, ఎప్పుడైనా నిజంగానే ఫార్మాట్ చేయాల్సి వచ్చినా, మళ్లీ ప్రాసెసర్ మార్చినా, ముందు బిట్‌లాకర్ (డిస్కులోని ఫైళ్లకి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ప్రాసెసర్ మార్చాక మొదటిసారి బూట్ అయ్యేటప్పుడు ఎఫ్‌టీపీఎం (ఆ తాళం చెవి దాచుకునే భాగం) రీసెట్ చేయమంటారా అని బోర్డు అడగొచ్చు. రికవరీ కీ దగ్గర పెట్టుకోకుండా 'వై' (ఎస్) నొక్కితే పెళ్లిళ్లన్నీ తాళం వెనకే ఉండిపోతాయి.